మరచెయ్యి తారీఖ్: వుజూ నీళ్లు పోసిన గులాం నుంచి నిమ్స్ దవాఖానా దాకా



విజయనగరంలో ఉండే మా దూరపు ఖాలాకి గర్భసంచి తీసెయ్యాలన్నారు, విశాఖలో ఒక ప్రైవేటు దవాఖానావాళ్లు. మామూలుగా అయితే ఇంత, రోబోతో అయితే ఇంత అని రెండు లెక్కలు కాగితం మీద రాసిచ్చారట. ఫోన్లో ఆవిడ నన్ను అడిగింది డబ్బు సంగతి కాదు. "డాక్టరు పక్కనే ఉండగా యంత్రం చేత కోయించుకోవడమేంటి బేటా? రేపు ఏదైనా అటూ ఇటూ అయితే జిమ్మేదారీ ఎవరిది?"

మొదటి సవాల్‌కి ఒక్క ముక్కలో జవాబు చెప్పేశాను. రెండోదానికి మాత్రం ఈ యంత్రపు చెయ్యి ఎక్కడ పుట్టిందో, ఎవరి పైసాతో పెరిగిందో, మన ఇళ్ల దాకా ఏ దారిన వచ్చిందో చెప్పాలి. ఖాలాతోపాటు మీరూ వినండి.

ముందు చెయ్యి అంటే ఏమిటో చూద్దాం. లోటాతో వుజూ నీళ్లు వంపేటప్పుడు మీ చేతిని గమనించండి. లోటాని ముందుకీ వెనక్కీ జరపాలి, పక్కకి జరపాలి, పైకీ కిందకీ కదపాలి. ఇవి మూడు. లోటా అక్కడికి చేరాక మణికట్టు దగ్గర దాన్ని మూడు రకాలుగా తిప్పి వంచుకోవాలి. ఇవి ఇంకో మూడు. ఈ ఆరు కదలికలు ఉంటేనే లోటా మూతి కావలసిన చోటికి, కావలసిన వాలులో వస్తుంది. ఒకటి తగ్గినా నీళ్లు మోచేతి మీద కాకుండా చొక్కా మీద పడతాయి. భుజం, మోచెయ్యి, మణికట్టుతో మనం బచ్‌పన్ నుంచీ ఏ ఆలోచనా లేకుండా చేసే ఈ పనిని లోహంతో చేయించడానికి ఇన్‌సాన్‌కి కొన్ని వందల ఏళ్లు పట్టింది.

వుజూ మిసాల్ ఊరికే తీసుకోలేదు. దియార్‌బకర్‌లో అర్తుఖీ సుల్తానుల కొలువులో అల్-జజరీ అనే హునర్‌మంద్ ఉండేవాడు. సుల్తాన్‌కి వుజూ చేసుకునేటప్పుడు నౌకర్లు తన చేతుల మీద నీళ్లు పొయ్యడం ఇష్టం లేదు. మనిషి అక్కర్లేకుండా ఏదైనా చెయ్యమన్నాడు. జజరీ ఒక గులాం బొమ్మను తయారుచేశాడు. ఆ బొమ్మ ఒక చేత్తో కూజాలోంచి నీళ్లు పోస్తుంది. వుజూ అయ్యాక రెండో చెయ్యి కిందికి దిగి తుడుచుకోవడానికి తువ్వాలు, చూసుకోవడానికి అద్దం, దువ్వెన అందిస్తుంది. లోపల కరెంటు లేదు, మోటారు లేదు. నీటి బరువు, తేలే బెండ్లు, కప్పీలు, అంతే. ఇలాంటి యంత్రాలన్నిటినీ ఆయన 1206లో ఒక కితాబ్‌గా, బొమ్మలతో సహా, చూసి ఎవరైనా మళ్లీ చేసుకోగలిగేలా రాసిపెట్టాడు. అంతకు రెండొందల ఏళ్ల ముందే అందలూసియాలో అల్-జహ్రావీ ముప్పై భాగాల వైద్య గ్రంథం రాసి, చివరి భాగమంతా జర్రాహీకి, అంటే సర్జరీకి, కేటాయించాడు. అందులో సుమారు రెండొందల పరికరాల బొమ్మలు గీశాడు. యూరప్ వైద్యులు వాటిని శతాబ్దాల పాటు చూసి నేర్చుకున్నారు.

ఇక్కడ కాస్త ఆగాలి. "రోబోని మనవాళ్లే కనిపెట్టారు" అని వాట్సాప్‌లో జజరీ బొమ్మ తిరుగుతూ ఉంటుంది. నాకూ ఫఖ్ర్ గానే ఉంటుంది గానీ, అది పూర్తి హఖీకత్ కాదు. జజరీ గులాం ఎదురుగా సుల్తాన్ ఉన్నా లేకపోయినా అదే చోట అలాగే నీళ్లు పోస్తుంది. దానికి కన్ను లేదు. ఎదుటి మనిషి చెయ్యి కదిపితే తన చెయ్యి కదపలేదు. చెయ్యి ఆకారం ఇచ్చింది జజరీ. ఆ చేతిని దూరం నుంచి ఒక మనిషి నడిపించడం మాత్రం చాలా తర్వాత వచ్చింది. అది వచ్చింది జంగ్ వల్ల.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా అణుబాంబు చేసింది. రేడియేషన్ వెదజల్లే జహర్‌ని దగ్గరుండి చేత్తో ముట్టుకుంటే ప్రాణానికి ముప్పు, ముట్టుకోకపోతే పని జరగదు. షికాగో దగ్గర ఆర్గాన్ ప్రయోగశాలలో రేమండ్ గోర్ట్జ్ అనే ఇంజనీరు 1940ల చివర్లో దీనికి ఒక ఉపాయం చేశాడు. మందమైన గోడకి ఇవతల ఒక జత చేతులు, అవతల ఒక జత చేతులు. ఇవతల మనిషి పిడి పట్టుకుని ఎలా కదిపితే, అవతల ఇనప వేళ్లు అలాగే కదులుతాయి. మధ్యలో చూడ్డానికి దళసరి అద్దం. ఇంజనీర్లు ఈ జతకి పెట్టిన పేరు మాలిక్-గులాం. ఇంగ్లీషులో ఇప్పటికీ అదే అర్థంతో మాస్టర్-స్లేవ్ అంటారు. పేరు వినసొంపుగా లేదు గానీ, అర్థం మాత్రం తేట: గులాంకి సొంత ఇరాదా లేదు, మాలిక్ చెయ్యి కదిలితేనే అది కదులుతుంది.

1954 నాటికి గోర్ట్జ్ వీటిని కరెంటు మోటార్లతో నడిపించాడు. అంతకంటే ముఖ్యం, అవతల ఇనప వేళ్లకి ఏదైనా గట్టిగా తగిలితే ఆ ఒత్తిడి ఇవతల మనిషి అరచేతికి తెలిసేలా చేశాడు. స్పర్శ అన్నమాట. దీన్ని యాద్ పెట్టుకోండి, ముందు మళ్లీ పని పడుతుంది.

మన దేశంలోనూ ట్రాంబేలో భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు ఇలాంటి చేతులు సొంతంగా తయారుచేసుకున్నారు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో కొవ్వాడ దగ్గర అణువిద్యుత్ కేంద్రం కట్టాలన్న మాట ఏళ్లుగా నడుస్తోంది. ఆరు రియాక్టర్లు, వెస్టింగ్‌హౌస్ అనే అమెరికా కంపెనీవి. అక్కడి బెస్తవాళ్ల ఇళ్లూ వేటా ఏమవుతాయన్నది ఇంకో పెద్ద కథ, అది మరోసారి. ఆ కంపెనీ పేరు మాత్రం గుర్తుంచుకోండి.

1961లో యూనిమేట్ అనే మరచెయ్యి అమెరికాలో కార్ల ఫ్యాక్టరీలో చేరింది. కాలిపోతున్న లోహపు ముక్కల్ని అచ్చుల్లోంచి తీసి పక్కన పెట్టడం దాని పని. రెండేళ్లకి కాలిఫోర్నియాలో రాంచో లాస్ అమిగోస్ అనే ఆసుపత్రిలో, చేతులు పనిచెయ్యని రోగుల కోసం ఆరు కీళ్ల చెయ్యి ఒకటి తయారైంది. బాంబు కోసమో ఫ్యాక్టరీ కోసమో కాక, అచ్చంగా మరీజ్ కోసం పుట్టిన మరచేతుల్లో తొలివాటిలో అదొకటి. దాన్ని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం తీసుకుని కంప్యూటర్‌కి కలిపింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే స్టాన్‌ఫర్డ్‌కి ఒక తెలుగు కుర్రాడు చేరాడు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, మద్రాసు గిండీలో ఇంజనీరింగ్, ఆస్ట్రేలియాలో ఎం.టెక్ చేసి వచ్చిన దబ్బల రాజగోపాల్ రెడ్డి. దునియాకి తెలిసిన పేరు రాజ్ రెడ్డి. కంప్యూటర్‌కి మనిషి మాట అర్థమయ్యేలా చెయ్యడం ఆయన పట్టుకున్న పని. 1966లో డాక్టరేట్ అందుకున్నాడు. నోటిమాటతో రోబోని నడిపించి చూపించిన తొలి ప్రయోగాలు ఆయన, ఆయన సాథీలు చేసినవే. చేతులు చచ్చుబడిన మనిషికి పిడి పట్టుకునే శక్తి ఉండదు కదా, అలాంటి వాళ్లకి మాటే పిడి. 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పుడు దాని మొదటి డైరెక్టర్ ఆయనే. అప్పట్లో దానికి పైసా ఇచ్చింది ఎవరనుకుంటున్నారు? వెస్టింగ్‌హౌస్. అదే సంవత్సరం త్రీ మైల్ ఐలండ్ అణుకేంద్రంలో ప్రమాదం జరిగితే, మనుషులు దిగలేని అడుగు అంతస్తులోకి తర్వాత దిగినవి ఆ విశ్వవిద్యాలయంలో తయారైన రోబోలే. 1994లో రాజ్ రెడ్డికి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటర్ రంగంలో అంతకు మించిన ఇనామ్ లేదు.

ఆయన గురించి ఇంత చెప్పడానికి సబబు ఉంది. 2008లో మన రాష్ట్రంలో పల్లెటూరి పిల్లల కోసం పెట్టిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి, అదే మనం ట్రిపుల్ ఐటీ అంటామే దానికి, మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి. 2016లో దాని శ్రీకాకుళం క్యాంపస్ వచ్చింది. ఎచ్చెర్ల దగ్గర మీరు చూసే ఆ బిల్డింగులు అవే. పదో తరగతి మార్కులతో సీటు ఇస్తారు. మనవాళ్ల పిల్లలూ అక్కడ చదువుతున్నారు, అల్‌హందులిల్లాహ్.

మళ్లీ జంగ్ వైపు వెళ్దాం. 1972లో ఉత్తర ఐర్లండ్‌లో కార్లలో బాంబులు పెడుతుంటే, వాటిని తియ్యబోయి బ్రిటిష్ సైనికులు చనిపోతుంటే, పీటర్ మిల్లర్ అనే రిటైర్డ్ అధికారి కరెంటుతో నడిచే తోపుడుబండి చట్రానికి కొక్కెం తగిలించి ఒక యంత్రం చేశాడు. దాని పేరూ తోపుడుబండే, వీల్‌బారో. మన డీఆర్‌డీవోకి పుణెలో ఉన్న ప్రయోగశాల అదే కోవలో 'దక్ష్' తయారుచేసింది. 2011 డిసెంబరులో మొదటి విడత సైన్యానికి అప్పగించింది. బాంబు స్క్వాడ్ మనిషి అరకిలోమీటరు దూరంలో కూర్చుని దాన్ని నడపొచ్చు. మెట్లెక్కుతుంది, చేత్తో సంచిని పట్టుకుంటుంది, ఎక్స్‌రే తీస్తుంది, జోరుగా నీటి ధార కొట్టి బాంబుని నిర్వీర్యం చేస్తుంది.

ఇది మనకి దూరపు సంగతి కాదు. 2007 మే 18, జుమా రోజు. హైదరాబాద్ మక్కా మసీదులో వుజూ చేసుకునే చోట బాంబు పేలింది. నమాజుకి వచ్చినవాళ్లు షహీద్ అయ్యారు. ఆ తర్వాత బయట పోలీసు కాల్పుల్లోనూ మనుషులు పోయారు. ఆ రోజు మసీదులో పేలని బాంబు కూడా దొరికింది. మసీదు సహన్‌లో అలాంటి సంచి దగ్గరికి ఎవరో ఒకరు వెళ్లాలి. వెళ్లేది ఎవరి కొడుకైనా, ఏ మజహబ్ వాడైనా, వాడి బదులు ఇనప చెయ్యి వెళ్తే మంచిది. ఫౌజీ యంత్రాలంటే నాకు పెద్దగా మొహబ్బత్ లేదు, కానీ ఈ ఒక్క చేతి విషయంలో ఏతరాజ్ లేదు.

ఇక ఖాలా ఆపరేషన్ గదిలోకి. 1985లో అమెరికాలో ఫ్యాక్టరీ కోసం చేసిన ప్యూమా అనే మరచేతిని ఆపరేషన్ బల్ల పక్కన పెట్టి, మెదడులోకి సూది ఏ కోణంలో దిగాలో దాని చేత పట్టించారు. తర్వాత అమెరికా రక్షణ శాఖ ఒక ఖ్వాబ్ కన్నది. యుద్ధభూమిలో గాయపడ్డ సిపాయి ఒక బండిలో, సర్జన్ దూరంగా సురక్షితమైన చోట, మధ్యలో మరచేతులు. గోర్ట్జ్ గోడే మళ్లీ, ఈసారి గోడకి అటుపక్క జహర్ బదులు మనిషి. ఆ పరిశోధనకి సైన్యం పైసా పోసింది. యుద్ధభూమిలో అది నిలబడలేదు. ఆ పనితనాన్ని కొనుక్కుని 1995లో మొదలైన ఒక కంపెనీ 'డావిన్సీ' యంత్రం చేసింది. 2000లో అమెరికాలో దానికి ఇజాజత్ వచ్చింది. 2001 సెప్టెంబరులో న్యూయార్క్‌లో కూర్చున్న ఫ్రెంచి సర్జన్ జాక్ మారెస్కో, సముద్రం అవతల స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న ఒక ఆవిడ పిత్తాశయాన్ని వేరే సంస్థ చేసిన మరచేతులతో తీశాడు. మన దేశంలో గుండె సర్జన్ సుధీర్ శ్రీవాస్తవ కంపెనీ 'మంత్ర' అనే సర్జరీ రోబోని తయారుచేసింది. 2025 జనవరిలో గురుగ్రామ్‌లో కూర్చుని జైపూర్‌లో ఉన్న మరీజ్‌కి దానితో ఆపరేషన్ చేశారు.

పని జరిగే తీరు ఇది. సర్జన్ బల్లకి కొంచెం దూరంగా ఒక పెట్టె ముందు కూర్చుని, అందులోకి చూస్తూ వేళ్లతో పిడులు కదుపుతాడు. మరీజ్ పొట్టలోకి చిన్న రంధ్రాల గుండా దిగిన సన్నని పనిముట్లు అలాగే కదులుతాయి. సర్జన్ చెయ్యి వణికితే ఆ వణుకుని యంత్రం వడకట్టేస్తుంది. ఆయన చెయ్యి ఒక అంగుళం కదిలితే లోపల అందులో మూడోవంతో అయిదోవంతో కదిలేలా పెట్టుకోవచ్చు. ఇరుకైన చోట కుట్లు వెయ్యడానికి ఇది నిజంగా నేమత్. ఇప్పుడు గోర్ట్జ్ స్పర్శ గుర్తుకు తెచ్చుకోండి. 1954లో ఆ జహర్‌ని పట్టుకున్న చేతికి ఉన్న ఆ స్పర్శ, మనిషి పేగు పట్టుకున్న డావిన్సీ చేతికి ఇరవై ఏళ్లకు పైగా లేదు. సర్జన్ కంటితో చూసి, దారం ఎంత బిగిసిందో అందాజా వేసుకోవలసిందే. ఆ కంపెనీ 2024లో తెచ్చిన కొత్త మోడల్‌లోనే అది వచ్చింది. బాంబు సామగ్రికి ముందు దొరికింది మనిషి ఒంటికి తర్వాత దొరికిందంటే, పైసా ఎటు పరిగెత్తిందో తెలుస్తుంది.

కాబట్టి ఖాలా, జిమ్మేదారీ సర్జన్‌దే, ఆ దవాఖానాదే. గులాం చేసిన తప్పుకి మాలిక్ జవాబు చెప్పాలి. రోబో ఆపరేషన్‌లో రోబో తనంతట తాను కొయ్యదు. అడగాల్సింది రోబో ఎంత ఖరీదుదని కాదు. ఈ సర్జన్ ఈ యంత్రంతో ఇదే ఆపరేషన్ ఇప్పటికి ఎన్ని చేశారు, మధ్యలో యంత్రం మొరాయిస్తే చేత్తో పూర్తిచేసే ఏర్పాటు ఏమిటి, మామూలు లాప్రోస్కోపీ ఎందుకు సరిపోదు. ఈ మూడోదానికి ఒక లెక్క ఉంది. క్యాన్సర్ కాని జబ్బులకి గర్భసంచి తీయించుకున్న 2 లక్షల 64 వేల మందికి పైగా అమెరికా స్త్రీల వివరాలు చూసి 2013లో ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. రోబోతో చేసినవాళ్లలో ఇబ్బందులు 5.5 శాతం, లాప్రోస్కోపీలో 5.3 శాతం. అంటే దాదాపు బరాబర్. ఖర్చు మాత్రం రోబోకి రెండు వేల డాలర్లకు పైగా ఎక్కువ. క్యాన్సర్, ప్రోస్టేట్ లాంటి వాటి సంగతి వేరు, అవి డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవలసినవి. అసలు అంతకు ముందే అడగాల్సింది ఇంకోటి ఉంది: గర్భసంచి తియ్యాల్సిన జరూరత్ ఉందా? దేశంలో ఈ ఆపరేషన్లు మరీ ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉంది. రోబో ఉన్నా లేకున్నా, రెండో డాక్టరు రాయ్ తీసుకోకుండా సంతకం పెట్టొద్దని ఖాలాకి చెప్పాను.

ఫౌజీ ఇల్మ్ దవాఖానాకి చేరడం గురించి మాట్లాడితే, మన తెలుగు నేల మీద నాకు అన్నిటికంటే ఇష్టమైన వాఖియాలో మరచెయ్యే లేదు. మోటారూ లేదు. అది మర్హూమ్ అబ్దుల్ కలాం సాబ్ చెప్పుకున్న సంగతి.

1982లో ఆయన హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌కి డైరెక్టర్‌గా వచ్చారు. క్షిపణులు అక్కడ తయారయ్యాయి. 1989 మేలో అగ్ని ఎగిరింది. వాటి కోసం ఉక్కులా గట్టిగా, దూదిలా తేలికగా ఉండే పదార్థాలు వాళ్లు తయారుచేసుకున్నారు. ఒకరోజు నిజామ్స్ ఇన్‌స్టిట్యూట్, అంటే నిమ్స్ నుంచి ఒక ఎముకల డాక్టరు ప్రయోగశాల చూడ్డానికి వచ్చారు. ఆ పదార్థం ముక్కని చేత్తో ఎత్తి చూశారు. ఎత్తి చూసి, కలాం సాబ్‌ని వెంటబెట్టుకుని తన వార్డుకి తీసుకెళ్లారు. అక్కడ పోలియో వచ్చిన చిన్న పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనప కాలిపర్లు కాళ్లకి కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. ఈ పిల్లల దర్ద్ తగ్గించండి అని అడిగారు డాక్టరు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. వేసుకున్న పిల్లలు పరిగెత్తారు, చూసి తల్లిదండ్రులు ఏడ్చారు. రాకెట్లు ఎగిరిన రోజులతో సమానంగా ఆ రోజుని కలాం సాబ్ తన జిందగీలో పెద్ద ఖుషీగా ఊళ్లూరా చెప్పుకున్నారు. తర్వాత గుండె డాక్టర్ సోమరాజు గారితో కలిసి తక్కువ ఖరీదు స్టెంట్ కూడా తెచ్చారు.

నేను ఆ కథలో కలాం సాబ్ కంటే ఆ డాక్టరు దగ్గరే ఎక్కువ సేపు ఆగుతాను. పదార్థం ప్రయోగశాలలో అప్పటికే ఉంది. పిల్లలు అదే షహర్‌లో, అదే కాలంలో, ఇనుము ఈడుస్తూ ఉన్నారు. రెంటి మధ్యా కొన్ని కిలోమీటర్లు. క్షిపణి ఫైళ్లలో ఎక్కడా ఆ పిల్లల పేర్లు ఉండవు కదా. ఒక మనిషి ముక్కని ఎత్తి చూసి, ఇంకో మనిషి చెయ్యి పట్టుకుని వార్డుకి నడిపించకపోతే ఆ మూడు వారాలు ఎప్పటికీ మొదలయ్యేవి కావు.

ఆ నిమ్స్‌లోనే 2023లో సర్జరీ రోబో వచ్చింది. సర్కారీ దవాఖానాలో రావడం మంచి సంగతి. మనవైపు విశాఖలో 2018 డిసెంబరులో మెడ్‌టెక్ జోన్ మొదలైంది, 270 ఎకరాల్లో. వైద్య పరికరాలు ఇక్కడే తయారుచెయ్యాలని పెట్టారు. టార్పెడోలు చేసే నౌకాదళ ప్రయోగశాల అదే ఊళ్లో 1969 నుంచి ఉంది. అంటే హైదరాబాద్‌లో కలాం సాబ్‌కి ఉన్నట్టే ఇక్కడ కూడా ఒకవైపు ఫౌజీ ఇల్మ్, ఇంకోవైపు పెద్దాసుపత్రి, మధ్యలో తయారుచేసే జాగా, మూడూ ఉన్నాయి. మన జిల్లాల నుంచి రోజూ రైళ్లలో, బస్సుల్లో కేజీహెచ్‌కి దిగే మరీజులు సరేసరి.

వాళ్లకి కావలసింది ఎప్పుడూ రోబోయే కాదు. ఉద్దానంలో కిడ్నీలు పాడైనవాళ్లకి మంచినీళ్లు, డయాలసిస్, వారానికి మూడుసార్లు దవాఖానాకి వెళ్లొచ్చే స్తోమత కావాలి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్ బెడ్ మీద నాలుగేసి గంటలు కదలకుండా ఒకే చెయ్యి చాపుకుని పడుకున్న మనిషిని దగ్గర్నుంచి చూస్తే, ఆ సూది, ఆ గొట్టం, ఆ మంచం ఇంకెంత మెరుగ్గా ఉండొచ్చో ఇంజనీరింగ్ చదివే పిల్లలకి తోచకపోదు. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ నుంచి పలాసకి హైవే మీద గంటన్నర. అక్కడ మీ పిల్లలు ఎవరైనా చదువుతుంటే, వచ్చే ఆదివారం ఒకసారి వెళ్లి రమ్మనండి.